ఇరవై నాలుగు గదుల అలమర

మా ఇంట్లో రాళ్ళకు ఇరవై నాలుగు గదులున్నాయి, మనుషులకు రెండు. ఈ మాట ఎవరికి చెప్పినా వెంటనే మా ఆవిడ వైపే తీర్పిచ్చేస్తారు. అందుకని కథ మొత్తం విన్నాకే మీరు నోరు విప్పండి.

నేను ముగ్గురాయి పొడి చేసే మిల్లులో, పరీక్షల గదిలో పనిచేస్తాను. ముగ్గురాయినే పుస్తకాల్లో బెరైట్ అంటారు. చూడటానికి సాధువులా ఉంటుంది, ఎత్తబోతే చేతిని కిందికి లాగేస్తుంది. నీటికన్నా నాలుగున్నర రెట్లు బరువు. మా నాన్న ఇరవై ఎనిమిదేళ్ళు గనిలో దాన్ని సుత్తితో కొట్టాడు. ఆ దెబ్బల మీదే నేను చదువుకున్నాను. మా వంశంలో మొదటి డిగ్రీ పట్టా నాది. నాన్న రాళ్ళు పగలగొట్టి బతికితే, నేను పగలని రాళ్ళు ఏరి తెచ్చి దాచుకుంటున్నాను. ఇది ప్రాయశ్చిత్తమని నేనంటాను. పైత్యమని మా ఆవిడ అంటుంది.

మొదట్లో రాళ్ళు కిటికీ గట్టు మీద ఉండేవి. తరవాత టీవీ వెనక్కి, అక్కణ్ణించి ఆవిడ చీరల సొరుగులోకి పాకాయి. ఒకరోజు ఆ సొరుగు అడుగు ఊడి ఆవిడ కాలి మీద పడింది. కుంటుతూనే వెళ్ళి గాజు తలుపుల అలమర ఒకటి కొనిపించి, శాసనం చేసింది.

"ఇరవై నాలుగు గదులు. ఇరవై నాలుగు రాళ్ళు. ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికి పోవాలి. అర్థమైందా?"

"మరి మంచి రాయి దొరికితే?"

"మంచిదాన్ని ఉంచండి, చెడ్డదాన్ని పంపండి."

"వాటిలో చెడ్డవి లేవే!"

"అయితే దొరక్కుండా చూసుకోండి."

మా సేకర్తలకు ఒక ధర్మం ఉంది. ప్రతి రాయి పక్కన చీటీ ఉండాలి. పేరు, దొరికిన చోటు, సేకరించినవారు. చీటీ లేని రాయి ఇంటిపేరు లేని మనిషి. ఒకరు రాసిన చీటీని మరొకరు చింపకూడదు, దిద్దకూడదు. పెళ్ళైన కొత్తలో ఇదంతా మా ఆవిడకు గంటసేపు బోధించాను. ఆవిడ శ్రద్ధగా వింది. ఆ శ్రద్ధ చూసి అప్పుడే భయపడాల్సింది.

మొత్తం అలమరలో చీటీ లేనిది ఒక్కటే, మొదటి గదిలోది. బొటనవేలంత ముగ్గురాయి స్ఫటికం. గనిలో రాతి సందులో కనిపిస్తే, సుత్తి దించడానికి చెయ్యి రాక, నాన్న దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టి నాకోసం తెచ్చాడు. ఏ గుంతలో దొరికింది, ఏ ఏడాది అని నాన్నను అడగాలనుకుంటూనే పదిహేనేళ్ళు గడిపాను. నాన్న మాతోనే ఉంటాడు. అడగడానికి నాలుగడుగులు వెయ్యాలి, అంతే.

ఇలా ఉండగా భూతద్దం గారు పిలిచారు. ఆయన రిటైరైన సర్వేయరు, నాలాంటి రాళ్ళపిచ్చివాడే. కాఫీ కప్పును కూడా భూతద్దం పెట్టి చూసిగానీ తాగరు. చిన్న ఇంటికి మారిపోతూ, తన తేనెరంగు బెరైట్‌ను నా చేతిలో పెట్టారు. పుస్తకం పుటలు విచ్చుకున్నట్టు పలకలు పలకలుగా ఉంది. నా నోట "వద్దండీ" అన్న మాట రాలేదు. ఇంటికొచ్చి, అటక మీద నేను తొడగని పాత బూట్ల పెట్టెలో, కుడి బూటులో దాన్ని పడుకోబెట్టాను.

ఇప్పుడు ఒక గది ఖాళీ చెయ్యాలి. ఎవర్ని పంపను? అభ్రకాన్నా? గంధకాన్నా? ఆలోచిస్తుంటే పదిహేడో గది కనిపించింది. ఉప్పురాయి స్ఫటికం. గాజులా తెల్లటి ఘనం. నీళ్ళలో పడితే ఇక అంతే.

ప్రతి ఆదివారం మా ఆవిడ రాళ్ళు శుభ్రం చేస్తుంది. నీళ్ళలో కడగాల్సినవి నీలం పళ్ళెంలో, కుంచెతో దులపాల్సినవి ఎర్ర పళ్ళెంలో నేనే సర్దిపెడతాను. ఆ ఆదివారం ఉప్పురాయి పొరపాటున నీలం పళ్ళెంలోకి వెళ్ళింది. అంటే, నేను చాలా జాగ్రత్తగా పొరపాటు చేశాను. ఆవిడ చేతుల్లో అది కరిగిపోతుంది. ఆవిడ నొచ్చుకుంటుంది. నేను పెద్దమనసుతో క్షమిస్తాను. ఖాళీ గదిలోకి తేనెరంగు వస్తుంది. క్షమించే మొహం అద్దం ముందు రెండుసార్లు పెట్టి చూసుకుని, షికారుకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ అలమర ముందు నిలబడి ఉంది.

"ఏమండీ, ఒక ఘోరం జరిగిపోయింది. ఉప్పురాయి కరిగిపోయింది."

"అయ్యో! పోనీలే. నువ్వు కావాలని చేశావా? మనిషన్నాక..." అని పెద్దమనసు విప్పబోతుంటే నా చూపు మొదటి గది మీద పడింది. అదీ ఖాళీ.

"నాన్న రాయి ఏది?"

"అదీ కరిగిపోయిందండీ."

"ముగ్గురాయి కరగడమేమిటి! నెల్లాళ్ళు నానబెట్టినా రవ్వంత తగ్గదు!"

"అలాగా? నాకేం తెలుసు, చదువుకున్నవారు మీరు. కరిగేది ఉప్పురాయి ఒక్కటేనా?"

"అవును మరి! నీళ్ళలో పెడితే..."

"పెడితే?"

నేను వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాను.

"నీలం పళ్ళెంలో పెట్టిందెవరు?"

పెద్దమనసు మడిచి లోపల పెట్టేసుకున్నాను.

"తప్పు నాదే. కావాలనే పెట్టాను. ఉప్పురాయి పోతే పోనీ. నాన్న రాయి ఏదో చెప్పు. ఆ నీళ్ళతో పాటు పారబోశావా?" పెరట్లోకి పరిగెత్తి, రాళ్ళు కడిగే తొట్టి ఒంచి, తూము దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో వెతకడం మొదలుపెట్టాను.

అక్కడే కుర్చీలో కూర్చున్న నాన్న ముందుకు వంగాడు.

"ఏం పోయిందిరా?"

"నువ్విచ్చిన రాయి, నాన్నా."

"అంత పట్టింపున్నవాడివి, ఎక్కడిదని ఒక్కనాడైనా అడిగావా?" అంటూ గుప్పిట విప్పాడు. రాయి ఆయన అరచేతిలో ఉంది. సుత్తి పట్టి కాయలు కాచిన ఆ చేతిలో అది ఇంకా చిన్నదిగా కనిపించింది. "కోడలు పొద్దుణ్ణించీ కూర్చోబెట్టి అడుగుతోంది. ఏ గుంత, ఏ కాలం, వాన పడుతోందా లేదా అని. నాకే మర్చిపోయినవి గుర్తొచ్చాయి."

నేను తూము దగ్గర్నించి లేవలేదు. లేస్తే మొహం కనిపిస్తుంది.

మా ఆవిడ ఆ రాయిని తీసుకెళ్ళి ముందుగదిలో, వచ్చినవాళ్ళకు మొదట కనిపించే బల్ల మీద పెట్టింది. పక్కన చీటీ: "ముగ్గురాయి. దొరికిన చోటు: మూడో గుంత, ఉత్తరపు గోడ, వాన వెలిసిన మధ్యాహ్నం. సేకరించినవారు: మామయ్య. సుత్తి దించనందుకు." నాన్నకు చదువు రాదు. నేను రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఆయనే అడిగాడు.

పదిహేడో గదిలో ఉప్పురాయి చెక్కుచెదరకుండా తిరిగొచ్చి కూర్చుంది. "తడి తగలరాదని మీ చేత్తోనే చీటీ మీద రాశారు. నాకు చదువొచ్చండీ," అంది మా ఆవిడ.

ఒక ఆశ మిగిలింది. "అయితే మొదటి గది ఖాళీయేగా..." అని నసిగాను.

"ఖాళీ ఎక్కడిది? చూడండి."

మొదటి గదిలో తేనెరంగు బెరైట్ మెరుస్తోంది. అటక దులుపుతూ బూట్ల పెట్టె ఎత్తిందట. "తొడగని బూటు అంత బరువుంటుందా? ముగ్గురాయి బరువు నాకు మీరే కదా నేర్పారు!"

సంతోషంతో వంగి చీటీ చదివాను. గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "బెరైట్, తేనెరంగు. దొరికిన చోటు: అటక, కుడి బూటు. సేకరించినవారు: ఇంటావిడ."

నిన్న భూతద్దం గారొచ్చారు. అద్దం పెట్టి ఆ చీటీని మూడుసార్లు చదివారు. "అపురూపమైన చీటీ అండీ! ధర్మం తెలుసుగా, దిద్దకూడదు," అన్నారు.

సేకరించినావిడ ఆయనతో మాట్లాడుతోంది కదా, నేను కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను.