పటం మాట్లాడిన ఆదివారం

ఆదివారం పొద్దున ఇంటి ఓనరు విజయరంగన్ భార్యతో కలిసి కడలూరులో చెవులు కుట్టే ఫంక్షన్‌కు బయలుదేరాడు. ఆయన ఎక్కిన ఆటో సారం వీధి మలుపు తిరిగిందో లేదో, పక్క వాటాలో అద్దెకుండే రఘునాథన్ లుంగీ ఎగ్గట్టి, బీరువా వెనక దాచిన డ్రిల్లింగ్ మెషీన్‌ను బయటికి తీశాడు.

"సాయంత్రం దాకా రాడు. అంతలోపల వంటింట్లో నీకు షెల్ఫు కట్టేస్తా. డబ్బాలన్నీ నీ చేతికి అందేటట్లు పెడతా," అన్నాడు భార్య సుగంధితో.

"గోడకు మేకు కొట్టేదానికే ఆయన ఒప్పుకోడు గదా. ఇల్లిచ్చిన రోజే చెప్పినాడు."

"మేకు యాడ కొడతా ఉండా? ఇది డ్రిల్లు గదా."

సుగంధి భయం ఊరికే పుట్టింది కాదు. ఆ నెలలోనే విజయరంగన్ ఒక బ్రోకరును వెంటబెట్టుకొచ్చి రెండు వాటాలూ కొలిపించాడు. ఇల్లు అమ్మేస్తే కొన్నవాళ్ళు పడగొట్టి లాడ్జి కడతారని వీధిలో అనుకుంటున్నారు. ఖాళీ చేయించడానికి ఓనరు సాకు కోసం చూస్తున్నాడు. కూతురు ప్రీతి బడికి నడిచిపోయే దూరంలో, ఉప్పుతగలని నీళ్ళతో మరో ఇల్లు దొరకడం కష్టం.

రఘునాథన్ ఇవేవీ ఆలోచించే స్థితిలో లేడు. అంతకుముందు నెహ్రూ వీధి షాపులో మంచి డ్రిల్లు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ధర విని, మెల్లగా అక్కడే పెట్టేసి వచ్చాడు. ఆ తర్వాత గాంధీ వీధి ఆదివారం సంతలో, ప్లాస్టిక్ బకెట్లకూ పాత ప్యాంట్లకూ నడుమ ఇది కనబడింది. "పెద్ద కంపెనీకి తమ్ముడు కంపెనీ సార్" అన్నాడు అమ్మేవాడు. డ్రిల్లుకు తగిలించే మోచేతి పొడవు ములికి ఒకటి ఊరికే ఇచ్చాడు. ఆ వారమంతా ఆఫీసులో ఫైలు తెరిచినా రఘునాథన్‌కు డ్రిల్లే గుర్తుకొచ్చింది. టీ తాగుతూ ఎదురుగా ఉన్న గోడలో ఎన్ని బొక్కలు పెట్టవచ్చో లెక్క వేసుకున్నాడు.

మొదటి బొక్క అద్భుతంగా వచ్చింది. సుగంధిని పిలిచి చూపించాడు. రెండోదానికీ పిలిచాడు. మూడోదానికి ప్రీతిని నిద్ర లేపాడు. నాలుగోదాని దగ్గర ములికి వెన్నలోకి దిగినట్టు ఒక్కసారిగా లోపలికి పోయింది. రఘునాథన్ స్విచ్ వదిలేశాడు. తమ్ముడు కంపెనీ డ్రిల్లు మాత్రం వదల్లేదు, తిరుగుతూనే ఉంది. సుగంధి ప్లగ్ పీకితే గానీ అది ఆగలేదు.

ఆ గోడకు అవతల ఓనరు హాలు. సరిగ్గా అక్కడే విజయరంగన్ తండ్రి, కాలం చేసిన త్యాగరాజన్ పటం వేలాడుతోంది. పాత పటాలన్నిటిలాగే అదీ పైన గోడకు దూరంగా ముందుకు వాలి ఉంది. అందుకని ములికి అద్దాన్ని పగలగొట్టలేదు గానీ, వెనక అట్టను తాకి పటాన్ని గడగడా ఊపింది. హాల్లో త్యాగరాజన్ భార్య జయమ్మాళ్ చిక్కుడుకాయలు తుంచుతోంది. పూలమ్మే కనగం అప్పుడే మాల తెచ్చింది. పక్క వాటాలో ఏదో రుబ్బుతున్నారనుకుని జయమ్మాళ్ ఆ శబ్దాన్ని పట్టించుకోలేదు.

"అమ్మా, పెద్దాయన తల ఊపుతా ఉండారు," అంది కనగం.

జయమ్మాళ్ పటం వంక చూసింది. "ఊపుతా ఉండారు," అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

ఇవతల రఘునాథన్ బొక్కకు కన్ను ఆనించాడు. అవతలి వెలుతురు సన్నగా కనబడింది. "ఇల్లు పొయ్యింది," అన్నాడు బొక్క దగ్గర నుంచి మొహం తియ్యకుండానే. "తప్పంతా నాదే. వాడు వచ్చేలోపల పూడ్చాల."

పటం వెనకనుంచి ఆ మాటలు బొంగురుగా హాల్లోకి వచ్చాయి. కనగం చేతిలోని పూలబుట్ట కింద పెట్టేసింది.

"అమ్మా, కొడుకు వచ్చేలోపల పూడ్చాలంటా ఉండారు. ఎవర్ని?"

"ఇంట్లో ఇంకెవరుండారు? నన్నే ఏమో," అంది జయమ్మాళ్ నిదానంగా.

కనగం పూలు మరిచిపోయి వీధిలోకి పరుగెత్తింది. ఆమె మూడు ఇళ్ళు దాటేసరికి పటం మాట్లాడింది. ఆరు ఇళ్ళు దాటేసరికి పటం ఏడ్చింది. వీధి చివర, సెల్‌ఫోన్ కొత్తగా కొన్న రిటైర్డ్ మిల్లు కార్మికుడు వీరాసామి దగ్గరికి చేరేసరికి జయమ్మాళ్ కథ ముగిసిపోయింది. వీరాసామి ఆ ఫోన్‌లో మాట్లాడే అవకాశం కోసమే ఎదురుచూస్తున్నాడు. వెంటనే విజయరంగన్‌కు ఫోన్ కొట్టాడు.

"రంగా, మీ అమ్మను సాయంత్రం లోపల పూడ్చాలంట. యాడుండినా బయలుదేరు," అని చెప్పి, ఫోన్‌లో వేయించుకున్న బ్యాలెన్స్ అయిపోతుందని పెట్టేశాడు.

ఇక్కడ రఘునాథన్ తెల్ల సిమెంటు కలిపి, గరిటె కాడతో బొక్కలోకి కుక్కుతున్నాడు. గోడ అవతల గుంపు చేరిన సందడి వినబడింది. ఇంకాస్త గట్టిగా తోశాడు. పటం కింద నుంచి తెల్లటి ముద్ద ఒకటి జారి హాల్లో పడింది. కనగం దాన్ని దోసిట్లో పట్టి నుదుటికి పెట్టుకుంది. మిగతావాళ్ళు వరసలో నిలబడ్డారు.

"ఏంది అవతల అంత మంది?" అని గుసగుసగా అడిగింది సుగంధి.

"నువ్వు గమ్ముగుండు. మన మాట అక్కడికి వినిపిస్తా ఉండాది."

"ఇంతసేపు వినిపిస్తా ఉండిందా?"

రఘునాథన్ జవాబు చెప్పేలోపు వీధిలో ఆటో ఆగింది. గులాబీల దండ ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని, విజయరంగన్ బావురుమంటూ దిగాడు, వెనకే భార్య. ఆ ఏడుపు గోడ ఇవతలికి స్పష్టంగా వినబడింది. ఖాళీ చేయిస్తే చేయించనీ అనుకున్నాడు రఘునాథన్. తల నుంచి కాళ్ళ దాకా సున్నం దుమ్ముతో, గరిటె చేతిలోనే పట్టుకుని ఆ ఇంట్లోకి నడిచాడు.

హాల్లో జయమ్మాళ్ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. విజయరంగన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతని ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

"మాల ఎవరికి తెచ్చినావు?" అని అడిగింది తల్లి.

అతను దండను వీపు వెనక్కి దాచాడు.

"తెచ్చింది ఎందుకు పారెయ్యాల. మీ నాయనకు వెయ్యి."

"అన్నా, నేను ఒక మాట చెప్పాల," అంటూ రఘునాథన్ ముందుకు వచ్చాడు. "ఆ పటం వెనక..."

"రఘూ, పెద్దవాళ్ళు మాట్లాడతా ఉంటే అడ్డం రాకూడదు," అంది జయమ్మాళ్. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన పొద్దున్నే మాట్లాడినారు. ఇల్లు పొయ్యింది అని బాధపడినారు. వీధి వీధంతా వినింది. నువ్వు ఇల్లు అమ్మేది ఆయనకు ఇష్టం లేదు. ఆయన్నే అడుగు కావాలంటే."

విజయరంగన్‌కు ఇప్పటికీ తండ్రి ఫోటో ముందు కాలు మీద కాలు వేసుకునే ధైర్యం లేదు. వంగి వంగి వెళ్ళి దండ వేశాడు. గులాబీల బరువుకు పటం ఇంకొంచెం ముందుకు వాలి, తల పంకించినట్టు ఒకసారి కదిలింది. గుంపులో అందరూ చేతులు జోడించారు. కొడుకు అక్కడే చెంపలు వేసుకుని, బ్రోకరుకు రేపే చెప్పేస్తానని పటానికి మాటిచ్చాడు.

మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయింది. విజయరంగన్ లోపల పడుకున్నాడు. రఘునాథన్ మాత్రం మెట్ల దగ్గర నిలబడి కదలలేకపోయాడు.

"పెద్దమ్మా, అది నా గొంతు," అన్నాడు చివరికి. "షెల్ఫు కోసం డ్రిల్లు పెడితే గోడ దాటిపొయ్యింది. క్షమించండి."

"తెలుసు," అంది జయమ్మాళ్. "మా ఆయన కాపురమంతా 'తప్పు నాదే' అని ఒక్క తూరి అనలేదు. పటంలోకి పొయ్యినాక అంటాడా?"

"మరి అప్పుడే చెప్పుంటే పొయ్యేది గదా. అన్న ఎంత ఏడ్చినాడు పాపం."

"ఏడవనీ. ఇల్లు కొలిపించేటప్పుడు నన్ను ఒక మాట అడిగినాడా? నేను చెప్తే వినడు. వాళ్ళ నాయన చెప్తే వింటాడు." ఆమె గోడ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ సిమెంటు ఆరకముందే పోయి తీసెయ్యి."

"తీసెయ్యాలా?"

"వచ్చే శుక్రవారం వాడు నా పేరు మీదుండే తోట అమ్మే సంగతి మొదలుపెడతాడు."

ఆ వారం నుంచి రఘునాథన్‌కు ఆఫీసు కాక, గోడ బొక్క దగ్గర మరో డ్యూటీ పడింది. దానికి సెలవుల్లేవు.