పారుడులో ప్రథమ స్థానం

విరేచనాలతో దూడల్ని చంపే పారుడు రోగాన్ని తమ ప్రభుత్వం సమూలంగా నిర్మూలించిందని పశుసంవర్ధక మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండింటికి ప్రకటించారు. ఈ సంగతి రోగానికి ఇంకా తెలియలేదు.

రోగం సంగతి మాత్రం ప్రభుత్వ ప్రయోగశాలలోని డాక్టరమ్మకు బాగా తెలుసు. పదహారేళ్ల సర్వీసులో ఆవిడ ముక్కు మూసుకోవడం మానేసి పద్నాలుగేళ్లయింది. ఆరు నెలలు ఊరూరా తిరిగి, నాలుగొందల దూడల పేడ సీసాల్లో పట్టుకొచ్చి, అందులో ఈ రోగం తెచ్చే రోటావైరస్ జన్యువులను పరీక్షించింది. ఒకటే అనుకున్న రకం అయిదుగా తేలింది. పుట్టబోయే దూడల కోసం చూడి ఆవులకు వేస్తున్న సర్కారు టీకా వాటిలో ఒక్కదానికే లొంగుబాటు నేర్పింది. మిగతా నాలుగూ నిక్షేపంగా దూడల్ని చంపుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే పాడి మీద బతికే ఒకామె ప్రయోగశాల మెట్ల మీద కూలబడింది. "మూడోది కూడా పోయిందమ్మా. టీకా వేయించాను కదా, మరెందుకు పోయినట్టు?"

డాక్టరమ్మ దగ్గర జవాబుంది. చెప్పే అనుమతి లేదు. రిపోర్టు పట్టుకుని డైరెక్టరు గదికి నడిచింది.

"అయిదా?" డైరెక్టరుగారు కళ్లజోడు తీశారు. "మంత్రిగారు సున్నా అన్నారు కదమ్మా! మధ్యేమార్గంగా రెండున్నర రాసెయ్."

"వైరస్‌లో అర ఉండదు సార్."

"అయితే ఆయనకి నువ్వే చెప్పుకో."

మంత్రిగారు గొప్ప చదువరి. అట్ట దాటి లోపలికి చొరబడి ఏ రిపోర్టునూ ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. ఈసారి అట్ట మీద 'జన్యు వైవిధ్యం' అన్న మాట దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"సరిహద్దు అవతల ఎన్ని రకాలు?"

"మూడు సార్."

"మనకి అయిదు! అంటే మనమే ఫస్టు!"

"సార్, ఇది రోగం. పైగా నిర్మూలించామన్నారు..."

"అది సోమవారం తల్లీ. ఇవాళ బుధవారం."

"అయిదింటికీ పనిచేసే టీకా బయట దొరుకుతోంది సార్. తెప్పిస్తే..."

"తెప్పిస్తే ఈ అయిదూ ఉంటాయా?"

"తగ్గుతాయి."

"ఉన్న పేరు చెడగొట్టుకోమంటావా?" మంత్రిగారు రిపోర్టును గుండెకు హత్తుకున్నారు.

శుక్రవారానికి వైవిధ్య పరిరక్షణ మండలి వెలిసింది. అధ్యక్షుడు మంత్రిగారి బావమరిది. పశువులతో ఆయనకున్న అనుభవం కాఫీలో పాలు కలుపుకోవడం. మండలి తొలి తీర్మానంతో ఉన్న టీకా కూడా ఆగిపోయింది.

ఆదివారం సభలో డాక్టరమ్మకు పతకం వేశారు. పోయిన మూడు దూడల్లో మూడు రకాలు దొరికినందుకు ఆ పాడి రైతమ్మనూ వేదిక ఎక్కించి 'ఆదర్శ పోషకురాలు' అన్నారు. చప్పట్ల మధ్య ఆమె డాక్టరమ్మ చెవిలో అంది: "నాలుగోది నిన్నట్నించి లేవట్లేదమ్మా."

డాక్టరమ్మ పతకం తీసి కుర్చీలో పడేసి, ఆమె చెయ్యి పట్టుకుని వేదిక దిగింది. ఆమె పశువుల కొట్టంలో గడ్డి మీద కూర్చుని దూడకు సెలైన్ పెట్టింది. మూడు గంటల తర్వాత అది వణుకుతూ ముందుకాళ్ల మీద లేచింది. రైతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడే గుమ్మం ముందు జీపు ఆగింది. మంత్రిగారి పీఏ ఐసు పెట్టె మోసుకుంటూ దిగాడు.

"ఇక్కడున్నారా మేడం! అయిదింటికీ పనిచేసే టీకా విమానంలో వచ్చేసింది. సారు సొంత ఫారంలో అరవై చూడి ఆవులున్నాయి. మీ చేత్తోనే వేయించమన్నారు. మూడో కంటికి తెలియకూడదు."

"మరి వైవిధ్యం?" అంది డాక్టరమ్మ.

"అయ్యో, అది ప్రజల ఆస్తి కదండీ!" పీఏ నొచ్చుకున్నాడు. "సారు ముట్టుకోరు."