సూచన అక్కర్లేదు

తజుకో మహిళా సంఘం వాళ్ళతో వేడినీటి బుగ్గకు బయల్దేరుతుంటే కుమేజి గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేని మర్యాద కావడంతో ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏం చేస్తారివాళ?"

"ఏముంది, గోదాం సర్దుతా."

"ఫోన్ ఆటలో గదులు సర్దుతారన్నమాట. కానివ్వండి. తోచకపోతే సూచన మీట ఉండనే ఉందిగా, నాలుగు నిమిషాలకోసారి నొక్కుకోడానికి."

బస్సు మలుపు తిరిగేదాకా ఆగి, కుమేజి చెప్పులేసుకుని పెరట్లో గోదాంలోకి నడిచాడు. ఫ్లాస్కులో టీ, రెండు అన్నం ముద్దలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. రెండడుగుల మందం మట్టిగోడలు. కాల్స్ అందవు. అందుకే అక్కడికి వెళ్ళాడు.

ఆ ఆటలో ఎవరూ తరమరు, గడియారం ఉరిమి చూడదు. సముద్రం ఒడ్డున చిన్న ఇంట్లో కళ్ళు తెరుస్తాం. తలుపుకు తాళం ఉంటుంది, బయట అలలు వచ్చిపోతుంటాయి. బయటపడాలంటే సొరుగులు లాగాలి, దీపం తిప్పాలి, గోడమీది బొమ్మలో పక్షుల్ని లెక్కపెట్టాలి. కుమేజిది కొండవాలులో ముల్లంగి సేద్యం. పొలమంతా గాలించినా ఈ ఏడు వాన ఎందుకు రాలేదో దొరకదు. ఆటలో అలా కాదు. తాళం ఉందంటే తాళంచెవి ఆ గదిలోనే ఎక్కడో ఉంటుంది. ఆ ఒక్క భరోసా కోసం ఏడాదిగా ఆడుతున్నాడు. కాకపోతే ఇంతవరకూ ఒక్క గది నుంచీ సూచన అడక్కుండా బయటపడలేదు. ఇవాళ ఆఖరి గది. ఇవాళ మాత్రం అడగకూడదనుకున్నాడు.

కాసేపటికి పక్కింటి షినాయె, ఇంటింటికీ తిరిగే నోటీసు అట్ట పట్టుకుని వచ్చింది. చదవడం, తమ గడిలో ముద్ర వేయడం, తర్వాతి ఇంటివాళ్ళ చేతికివ్వడం ఆ ఊరి పద్ధతి. ఆ వారం అట్టమీద కోతుల సంగతి రాశారు. అవి తలుపులు జరపడం నేర్చాయనీ, ఎవరిదైనా సరే తెరిచిన తలుపు కనబడితే మూసి బయట గొళ్ళెం పెట్టాలనీ. షినాయె అట్టమాట జవదాటే మనిషి కాదు. ఇంట్లో పిలిస్తే ఎవరూ పలకలేదు. గోదాం తలుపు జానెడు తెరిచి ఉంది. మూసింది, గొళ్ళెం పెట్టింది, అట్టను ఊరిపెద్ద టొగాషి ఇంట్లో ఇచ్చేసింది.

వెలుతురు తగ్గిందేమిటా అని కుమేజి తలెత్తాడు. తలుపు తోశాడు, కదల్లేదు.  ఆ వెంటనే మొన్న రాత్రి భోజనాల దగ్గర తజుకో అన్న మాట గుర్తొచ్చింది. పట్నంలో ఇలాంటి ఆట కోసం కోరి మరీ గదిలో పెట్టి తాళం వేయించుకుంటారట, మీకూ అలాంటిది కావాలా అని. కుమేజి మెల్లగా నవ్వుకున్నాడు.

"వేడినీటి బుగ్గట! ఇదా తన పథకం," అనుకున్నాడు.

ఫోన్ జేబులో పెట్టి మొదటిసారి ఆ గదిని చూశాడు. పైన చిన్న కిటికీ నుంచి ఎండ పలకలా దిగుతోంది, దుమ్ము అందులో చేపపిల్లల్లా ఈదుతోంది. నాలుగూ పదికి ఆగిపోయిన గోడగడియారం. గోడవైపు తిరిగి కూర్చున్న చెక్కబొమ్మ. అమ్మ చేతిరాతతో అంకెలు వేసిన మూడు ఊరగాయ జాడీలు. ఇన్నేళ్ళూ సామాను అనుకున్నవన్నీ ఇప్పుడు తనతో ఏదో చెప్పబోయి ఆగినట్టున్నాయి. ఎంత ముచ్చటగా అమర్చింది, అనుకుంటూ బొమ్మను ఇటు తిప్పాడు.

అక్కడ టొగాషి అట్టమీద ఖాళీ గడి చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"కుమేజి ముద్ర లేదేంటి? ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు."

"ఊరెళ్ళుంటాడండీ," అంది షినాయె.

ఇద్దరూ వెళ్ళి చూశారు. బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి, కెటిల్ ఇంకా వెచ్చగా ఉంది.

"బూట్లు లేకుండా పోయాడా," అన్నాడు టొగాషి. "మొన్న బస్టాపులో నన్నాపి, దీపం ఎడమకి రెండుసార్లు తిప్పితే ఏమవుతుందంటారు అనడిగాడు. అప్పుడే గ్రహించాల్సింది."

"నన్ను పక్షులెన్నని అడిగాడండీ. ఏ పక్షులంటే, గోడమీదవి అన్నాడు."

గంటలో ఊరి మైకు మోగింది. అగ్నిమాపక దళం హెల్మెట్లు పెట్టుకుని వాగుగట్టున దిగింది. కబురంది మహిళా సంఘం బస్సు సగం స్నానంలో వెనక్కి మళ్ళింది. ప్రకటనకు ముందు వచ్చే మైకు రాగం మట్టిగోడల్లోంచి వడగట్టినట్టు లోపలికి చేరింది. సంగీతం కూడా పెట్టించింది, అనుకున్నాడు కుమేజి.

తజుకో తడిజుట్టుతో దిగుతూనే అడిగింది. "గోదాం చూశారా?"

"దానికి బయట గొళ్ళెం ఉందమ్మా, లోపలెవరుంటారు?" అంది షినాయె. "నా చేత్తో నేనే పెట్టా."

 అందరూ గోదాం వైపు పరుగెత్తారు.

"ఏమండీ," అని పిలిచింది తజుకో.

"అప్పుడే వచ్చేశావా? ఇంకో అరగంట ఆగు. సూచన మాత్రం ఇవ్వకు."

"కుమేజీ, కులాసాయేనా? తీసేస్తున్నాం," అన్నాడు టొగాషి.

"టొగాషి గారా? మిమ్మల్నీ కలుపుకుందా? తలుపు ముట్టుకున్నారంటే ఊరుకోను. గడియారం సంగతి తేలింది, జాడీలే మిగిలాయి."

"ఏం జాడీలు?" టొగాషి గొంతు తగ్గించి అడిగాడు.

"మా అత్తగారి ఊరగాయవి," అంది తజుకో.

 పెళ్ళయిన కొత్తల్లో తప్ప ఆయన గొంతు అంత తేలిగ్గా ఉండటం ఆమె వినలేదు. అందరికీ వేలు పెదవి మీద పెట్టి చూపించి, నిద్రపోయే బిడ్డ చేయి తొలగించినంత నెమ్మదిగా గొళ్ళెం తీసింది.

లోపల జాడీలు జరిగిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు. తలుపు తోసుకుని కుమేజి బయటికొచ్చాడు, జుట్టునిండా సాలెగూడుతో. ఎదురుగా ముప్ఫైమంది హెల్మెట్లవాళ్ళు. చేసిన పనికి సిగ్గుపడి ముందుగా షినాయె చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ కొట్టారు.

"ఒక్క సూచన లేకుండా," అన్నాడు భార్యతో.

"చూశాను," అంది ఆమె.

ఏం సర్దారో చూద్దామని తజుకో లోపలికెళ్ళి, ఎండ పడుతున్న పెట్టెమీద కూర్చుంది. ఎంతకీ రాలేదు. పిలిచేలోపే లోపల్నుంచి మాట వినబడింది.

"షినాయె, ఆ తలుపెయ్యి. గొళ్ళెం కూడా. ఓ గంట."

మహిళా సంఘం వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మర్నాటికల్లా గోదాంలో బందీ కావడానికి పదకొండుమంది పేర్లు రాయించుకున్నారు. కుమేజిది పన్నెండో పేరు.