మీటరు పెట్టె కింద సాయంత్రాలు

కొత్త కరెంటు మీటర్ల పక్కన నిలబడినవాళ్ళకి పాత సంగతులు గుర్తొస్తున్నాయి కాబట్టి ఆ లోపాన్ని వెంటనే సరిచేయాలని కరెంటు శాఖ నుంచి ఆదేశం వచ్చింది. మీటర్లోని చిప్పు తయారైంది నాచారంలోని ఒక చిన్న కంపెనీలో. అక్కడి ఇంజనీరు మృదులకి ఈ పని అప్పగించారు. ఆమె మెళ్ళో పసుపుతాడు ఇంకా రంగు వెలవలేదు.

లోపం పెద్ద వింతేమీ కాదు. ప్రతి చిప్పులోనూ ఆసిలేటర్ అని ఒక గుండెకాయ ఉంటుంది. అది సెకనుకి కోట్లసార్లు కొట్టుకుంటూ మిగతా చిప్పు చేత పని చేయిస్తుంది. ఆ కొట్టుకోవడం మరీ పదునుగా ఉంటే కొంత బయటికి చిందుతుంది. మామూలుగా అయితే పక్కనున్న రేడియో గరగరలాడి ఊరుకుంటుంది. ఈ చిప్పు నుంచి చిందేది మాత్రం సరిగ్గా మనిషి జ్ఞాపకాలుండే చోట తగులుతోంది. పరిశ్రమలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి.

శాఖకి జ్ఞాపకాల మీద కోపమేమీ లేదు. ప్రయోగం కోసం మల్లాపూర్‌లో ఒక కాలనీకి ఈ మీటర్లు బిగించాక, పొద్దువాలేసరికి జనం టీవీలు కట్టేసి, ఏసీలు ఆపేసి, కుర్చీలు తెచ్చుకుని వరండాలో మీటరు పెట్టె చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టారు. కరెంటు వాడకం పడిపోయింది. మీటరే వాడకాన్ని తగ్గిస్తే ఇక కొలవడానికి ఏం మిగులుతుందని శాఖ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

మృదుల కాపురమూ ఆ కాలనీలోనే. భర్త కౌండిన్య రైల్వేలో సిగ్నళ్ళు చూస్తాడు. పెళ్ళిచూపుల్లో అతను నోరు విప్పి అన్నది "కాఫీ బాగుంది" అని మాత్రమే. పెళ్ళయ్యాక దానికి "కూర బాగుంది" తోడైంది. మనిషి బంగారం. మాట బయటికి రావాలంటే మాత్రం గునపంతో తవ్వాలి. అలాంటివాడు, మీటరు బిగించిన సాయంత్రం ఫ్యూజు చూద్దామని పెట్టె దగ్గరికి వెళ్ళి, వెళ్ళినవాడు వెళ్ళినట్టే నిలబడిపోయాడు.

"పాలకొల్లులో మా బడి ముందుకి పుల్లఐసు బండి వచ్చేది," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "మా అమ్మ టీచరు, తినొద్దనేది. తింటే నాలిక ఎర్రగా పట్టిచ్చేసేది. అందుకని ఇంటికొచ్చి, చీకటి పడేదాకా నోరు తెరిచేవాణ్ణి కాదు. టీచరుగారబ్బాయి ఎంత బుద్ధిమంతుడో అనేవాళ్ళు వీధిలోవాళ్ళు. ఆ పేరు పోగొట్టుకోబుద్ధి కాలేదు. అలాగే ఉండిపోయాను."

"అయితే మీ నెమ్మదితనమంతా పుల్లఐసు చలవేనా!" మృదుల పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏదీ, ఆ నాలిక చూపించండి."

బుద్ధిగా చూపించాడు. పెళ్ళంటే ఇదన్నమాట, అనుకుంది ఆమె.

ఆ తర్వాత రోజూ రెండు గ్లాసుల టీతో మీటరు కింద మెట్టు మీద చేరేవాళ్ళు. వరదకి కాలవలో కొట్టుకొచ్చిన గుమ్మడికాయ కోసం అన్నదమ్ములు పడ్డ కొట్లాట, ఎండాకాలం డాబా మీద నీళ్ళు చల్లి పక్కలేస్తే లేచే వాసన, దుప్పటి కింద దాచి పెంచిన కుక్కపిల్ల, అన్నీ ఒకటొకటిగా బయటికొచ్చాయి. "కొత్తజంటా! కాస్త గట్టిగా చెప్పుకోండర్రా, మాకూ వినపడాలి," అని గోడవతల నుంచి అరిచేది పక్కింటి హైమ పిన్ని.

అందుకే మృదులకి తన పని ఏమిటో అందరికన్నా బాగా తెలుసు. చిప్పు బాగుపడితే ఈయన తిరిగి "కూర బాగుంది" దగ్గరికి వెళ్ళిపోతాడు.

కంపెనీలో పరీక్ష గది గోడలన్నిటికీ, బయటి తరంగాలు సోకకుండా, రాగిరేకు తాపడం. జ్ఞాపకాన్ని కొలిచే యంత్రం లేదు కాబట్టి అటెండరు యాదగిరిని చిప్పు పక్కన కూర్చోబెట్టారు. శాఖ అధికారి ఎదురుగా కూర్చుని అతని ముఖమే చూస్తున్నాడు. నిబంధన ప్రకారం ఏ క్షణంలోనూ కళ్ళు చెమర్చకూడదు, తనలో తాను నవ్వకూడదు.

"ఏమైనా గుర్తొచ్చిందా?"

"మా అక్క లగ్గం సార్. బ్యాండోళ్ళు ఇంకో లగ్గానికి పోయిన్రు. వాళ్ళొచ్చేదాంక మా బాపే నూనెడబ్బా కొట్టుకుంట ముందల నడిచిండు." యాదగిరి నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఫెయిల్," అన్నాడు అధికారి.

మేనేజరు ఫణీంద్రగారు నుదురు రుద్దుకున్నారు. "రేకు మూత పెడదాం, కెపాసిటర్లు పెడదాం. మొత్తం నొక్కేయాలమ్మాయ్. గుర్తన్నది రాకూడదు."

"నొక్కొద్దు సార్, పరుద్దాం," అంది మృదుల గబుక్కున. ఆసిలేటర్ ఒకే వేగంతో కొట్టుకుంటే చిందేదంతా ఒకచోట గుట్టపడుతుంది. వేగాన్ని రవ్వంత అటూ ఇటూ ఊగిస్తే అదే అంతటా పలచగా పరుచుకుంటుంది. "నిబంధన గుట్ట ఎత్తునే కొలుస్తుంది సార్. మొత్తం ఎంతన్నది అడగదు."

"కొత్త సామాను అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"అయితే కానీ."

మృదులకి గాల్లో తేలినట్టుంది. చుక్క కూడా పోదు. కౌండిన్య జ్ఞాపకాలు ఒక్క మెట్టు దగ్గరే కాకుండా ఇల్లంతా ఉంటాయి, రోజంతా ఉంటాయి.

యాదగిరిని మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి తల గోక్కున్నాడు. "ఏందో యాదికొస్తున్నట్టే ఉంది సార్. వస్తలేదు."

"పాస్," అన్నాడు అధికారి.

కాలనీలో మీటర్లు మార్చారు. కుర్చీలు లోపలికి వెళ్ళాయి, టీవీలు మోగాయి, వాడకం మామూలైంది. శాఖ మెచ్చుకుని, కొద్ది నెలల్లోనే రాష్ట్రమంతా అవే బిగించింది. అది చూసి పక్క రాష్ట్రమూ బిగించుకుంది.

కౌండిన్య అలవాటుగా మెట్టు మీద కూర్చున్నాడు. టీ తాగాడు. బాగుందన్నాడు. ఇప్పుడతను చొక్కా బొత్తాం పెట్టుకుంటూనో, అన్నం కలుపుతూనో, ఎవరో పిలిచినట్టు ఒక్క క్షణం ఆగుతాడు.

"ఏంటండీ?" ఆశగా అడుగుతుంది మృదుల.

"ఏం లేదు."

మొదట్లో ఆమె ఇంకాసేపు ఎదురుచూసేది. హైమ పిన్ని ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో తెలియక అలాగే నిలబడుతోంది. బస్సుల్లో జనం ఫోను మీంచి తలెత్తి, కిటికీలోంచి చూసి, మళ్ళీ తల దించుకుంటున్నారు. నిద్ర చాలక అని కొందరు, వయసని కొందరు సరిపెట్టుకున్నారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేయడానికి ఫలానా అని ఏమీ లేదు.

ఆదివారం తెనాలి నుంచి మృదులకి అమ్మ ఫోను చేసింది.

"ఎలా ఉన్నారే ఇద్దరూ? ఏం కబుర్లు?"

"బాగున్నాం. కబుర్లేముంటాయి?"

"పోన్లే, కాపురం కుదురుకుందన్నమాట," అంది అమ్మ తృప్తిగా. ఇంకేదో అనబోయి, ఆగింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు."