ఇత్తడి కొంగకు వారసులు

మంగళవారం ఉదయం డ్వేన్ ప్రెబిచ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కొత్త సంకలనం ముందుమాటలో ఒక కామా తీసేయాలి. పన్నెండు లోపు పేజీలన్నీ ప్రెస్సుకు చేరాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత మొరాయిస్తున్న మంచు తోసే యంత్రాన్ని విప్పి దాని సంగతేమిటో తేల్చాలి. డులూత్ ఊళ్లో ఫిబ్రవరి నెలలో మనిషి ఇంతకు మించి ఆశపడకూడదని అతని నమ్మకం.

ఆ సంకలనం పేరు "ఇత్తడి కొంగ". కొంగ అంటే పక్షి కాదు, వీరుడు. తొంభై ఏళ్ల కిందట ముతక కాగితం మీద అచ్చయ్యే పది సెంట్ల డిటెక్టివ్ పత్రికలో పుట్టాడు. ముఖానికి మూరెడు ఇత్తడి ముక్కు, ఒంటిమీద బూడిదరంగు కోటు, చేతిలో పొడుగాటి కర్ర. మేడల మీద ఒంటికాలిపై నిలబడి దొంగల కోసం కాచుకుంటాడు. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది, హక్కులకు కాలం చెల్లింది, కొంగ దిక్కులేనివాడయ్యాడు. అలాంటి దిక్కులేని వీరులను చేరదీసి కొత్త బొమ్మల కథలు వేసేవాళ్లు ఆ దేశంలో ఊరికి ఇద్దరుంటారు. ఒకరు సంపాదకుడిగా కూర్చుంటారు. ముగ్గురు చిత్రకారులు తలా ఎనిమిది పేజీలు గీసి, ఎవరివి వాళ్లే నేరుగా ప్రెస్సుకు పంపుతారు. ఒకరు గీసింది ఇంకొకరు చూడరు.

అలా డ్వేన్ ఏడు సంచికలు తెచ్చాడు. ఎనిమిదోది శనివారం ఊళ్లో జరిగే బొమ్మల పుస్తకాల సంతలో బల్ల మీద ఉండాలి. ఉండకపోతే ఈ పిచ్చికి స్వస్తి చెప్పి బావమరిది టైర్ల దుకాణంలో కూర్చుంటానని భార్య మార్లిస్‌కు మాట ఇచ్చాడు. అతనికి టైర్లంటే పడదు. కొంగ అంటే ప్రాణం. అందుకే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తలుపు కొట్టి, "కొంగ మాది" అంటారని ఏడు సంచికలుగా బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నాడు.

ఎనిమిదింటికి ఫోను మోగింది.

"డ్వేన్ గారేనా అండీ? నా పేరు కోరిన్ లాడ్. టూ హార్బర్స్ ఊరి నుంచి మాట్లాడుతున్నాను. పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నానేమో."

"అబ్బే, ఇబ్బందేముందండీ."

"మీ పుస్తకంలో ఇత్తడి కొంగ కథలు వస్తున్నాయని లైబ్రరీలో అన్నారు. లూకస్ మెర్సర్ పేరుతో వచ్చిన పాత కథల కాగితాలు మా నాన్న పెట్టెలో ఉన్నాయి. ఉత్తరాలూ, ఒప్పందాలూ కూడా. ఏమీ అనుకోకపోతే మీ పేజీలు ఒకసారి చూసిపోదామని. తొందరేం లేదు. పదకొండింటికి రానా?"

"దానికేం, రండి" అని డ్వేన్ నవ్వుతూనే ఫోను పెట్టేసి, కుర్చీలో కూలబడ్డాడు. లూకస్ మెర్సర్ అంటే పాత పత్రికలో ప్రతి కొంగ కథ కింద ఉండే రచయిత పేరు. ఈవిడ ఆయన కూతురే అయివుండాలి. మీ నాన్నగారెవరని అడిగి ఉండవచ్చు కానీ, ఆ ప్రాంతంలో ఎదుటి మనిషిని అలా ముఖం మీద అడగడం మర్యాద కాదు. అక్కడ మాటలకు వేరే అర్థాలుంటాయి. "తొందరేం లేదు" అంటే ఇప్పుడే కావాలని. "వేరేగా ఉంది" అంటే అస్సలు బాగాలేదని. ఇక "ఒప్పందాలు" అన్న మాటకు అర్థం ఎక్కడైనా ఒకటే.

మార్లిస్ స్కూలు బస్సు నడిపి అప్పుడే ఇంటికి వచ్చింది. బూట్లకు అంటిన మంచు దులుపుకుంటూ సంగతంతా విన్నది.

"ఆవిడ ఎవరో ఫోను చేసి అడిగేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు?"

"ఎలా అడుగుతాను? నేను అనుమానపడుతున్నానని అనుకోదూ?"

"పడుతున్నావుగా మరి."

"పడుతున్న సంగతి ఆవిడకి తెలియకూడదు కదా" అన్నాడు డ్వేన్. "అసలు లైబ్రరీలో ఎవరు చెప్పుంటారు? ఆ ముగ్గురిలోనే ఒకరు ఊదేశారు."

ఆ అనుమానంతోనే ముగ్గురికీ కారణం చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు. ముందు తన చేతిలో ఉన్న అట్ట మీద "ఇత్తడి కొంగ" తీసేసి "ఒకానొక మనిషి" అని పెట్టాడు. తర్వాత గస్ హాల్వర్సన్‌కు ఫోను చేశాడు. గస్‌కు డెబ్బై ఆరేళ్లు. దుకాణాల బోర్డులు రాసి రిటైరైనవాడు, ఇప్పటికీ కుంచెతోనే గీస్తాడు.

"గస్ గారూ, కొంగకి ముక్కు ఉండకూడదు."

"ముక్కు లేకపోతే కొంగ ఎలా అవుతాడు అబ్బాయ్?"

"అవకూడదనే. ముఖం కనిపించకూడదు. చూసినవాళ్లకి ఎవరో తెలియకూడదు. చేతిలో ఆ కర్ర కూడా వద్దు, ఇంకేమన్నా పెట్టండి. పదకొండు లోపు ప్రెస్సుకి పంపి, నాకొక నకలు పంపండి. పాతవి ఒక్కటి కూడా మిగల్చకండి. ఎందుకని మాత్రం అడగొద్దు."

"నేనెందుకు అడుగుతాను" అన్నాడు గస్, నోటిదాకా వచ్చిన నాలుగు ప్రశ్నలను మింగేసి. ముసలివాణ్ణయ్యాను, గీత వణుకుతోందని ఇలా సున్నితంగా చెబుతున్నాడు కాబోలనుకుని, తెల్లరంగు సీసా తీసి ముక్కుల మీద పూయడం మొదలుపెట్టాడు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే టామీ ఆహో కూడా అదే మాట విని "అలాగే" అంది. తను గీసిన ముక్కులే బాగా రాలేదని కుమిలిపోతూ పాత ఫైళ్లన్నీ చెరిపేసింది. హైస్కూల్లో డ్రాయింగు చెప్పే బ్రెంట్ సుండ్‌వాల్ మాత్రం తన స్థానంలో ఇంకెవరినో పెట్టుకునే ఎత్తు ఇదని అనుమానించాడు. అతనూ "అలాగే" అన్నాడు. ముగ్గురిలో ఒక్కరికీ తతిమ్మా ఇద్దరికి ఫోను చేయాలనిపించలేదు. తనను తక్కువ చేశారని పదిమందికి చెప్పుకునేదెవరు?

సరిగ్గా పదకొండింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో చెవులు మూసే టోపీ, కళ్లదాకా చుట్టిన మఫ్లరు, లావుపాటి చేతితొడుగులు. ఆ మూటలోంచి ఒక చేత్తో రేకు పెట్టె, ఇంకో చేత్తో తీపి బిళ్లల పళ్లెం ముందుకు వచ్చాయి. మఫ్లరు తీస్తే లోపల అరవై అయిదేళ్ల కోరిన్ లాడ్ ఉంది.

"నిమ్మకాయ బిళ్లలండీ. నిన్న చేశాను."

నోరు తీపి చేసి సంతకం పెట్టించుకునే రకమని డ్వేన్ లెక్కగట్టాడు. మార్లిస్ రెండు తిన్నది. డ్వేన్ ముట్టలేదు.

కొత్త పేజీలు అప్పుడే కంప్యూటరులోకి వచ్చాయి. ఆవిడతో పాటు డ్వేన్ కూడా అప్పుడే మొదటిసారి చూశాడు. గస్ కథలో వీరుడికి చెవుల టోపీ, కళ్లదాకా మఫ్లరు, చేతిలో మంచుపార. టామీ కథలో చెవుల టోపీ, మఫ్లరు, మంచుపార. బ్రెంట్ కథలోనూ అవే. టోపీ మీద ఒక నక్షత్రం బిళ్ల మాత్రం అదనం. ముగ్గురూ కూడబలుక్కున్నారని డ్వేన్‌కు చప్పున అనుమానం వచ్చింది. ఎందుకు కూడబలుక్కున్నారో మాత్రం అంతుపట్టలేదు.

కోరిన్ చివరి పేజీ దాకా చూసింది. మళ్లీ మొదటికి వచ్చింది. "కొంగ ఇంకా రాలేదాండీ?"

"ఎవరు?"

"ఈ పార పట్టుకున్నాయన బాగానే ఉన్నాడు. వేరేగా ఉన్నాడు." ఆవిడ ముఖం చిన్నబోయింది. "మా నాన్న కొంగని కొత్త బొమ్మల్లో ఒక్కసారి చూడాలని ఇంత దూరం వచ్చాను."

"మీ నాన్నగారంటే, మెర్సర్ గారు..."

"అయ్యో, మెర్సర్ అంటూ ఎవరూ లేరండీ. పత్రికవాళ్లు పెట్టుకున్న పేరది. ఆ పేరుతో పద్నాలుగు మంది కూలికి రాసేవాళ్లు. మా నాన్న తొమ్మిదో ఆయన." ఆవిడ రేకు పెట్టె తెరిచి పసుపుబారిన ఉత్తరం ఒకటి తీసింది. "పత్రిక మూసేసిన రోజు యజమాని అందరికీ రాశాడు. ఇక కొంగ మీద ఎవరికీ హక్కు లేదు, కావలసినవాళ్లు వాడుకోండని. రేపెవరైనా వచ్చి దబాయిస్తే మీకు పనికొస్తుందేమో అనుకున్నాను."

డ్వేన్‌కు ఏడు సంచికలుగా గుండెల మీద ఉన్న బండ దిగింది. దిగిన బండ నేరుగా కాలి మీదే పడిందని మరుక్షణం తెలిసింది. గబగబా ఫోన్లు తిప్పాడు. టామీ దగ్గర ఏమీ లేదు. బ్రెంట్ దగ్గర ఏమీ లేదు. "తెల్లరంగు ఆరిపోయింది అబ్బాయ్" అన్నాడు గస్. "నువ్వే మిగల్చొద్దన్నావుగా."

ఫోను కింద పెట్టేలోపే అది మళ్లీ మోగింది. ప్రెస్సు యజమాని డారెల్ నట్సన్, డ్వేన్‌తో కలిసి చదువుకున్నవాడు.

"ఏరా డ్వేన్, పేజీలు చూశాను. చాలా వేరేగా ఉన్నాయి."

డ్వేన్‌కు నట్సన్ తొమ్మిదేళ్లుగా ఒక క్యాలెండరు సొంతంగా గీసి అచ్చువేసి అమ్ముకుంటున్నాడని, అందులో వీరుడి పేరు మంచు మార్షల్ అని, ఆ మార్షల్‌కు నక్షత్రం బిళ్ల పెట్టిన చెవుల టోపీ, మఫ్లరు, మంచుపార ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది.

"మూడు కథల్లోనూ నా మార్షలేరా. ఒకదాంట్లో బిళ్లతో సహా. మిషను మీంచి అచ్చు ప్లేట్లు దింపేశాను. పన్నెండింటికి చర్చివాళ్ల పని ఎక్కిస్తున్నా."

పదిహేను నిమిషాల్లో డ్వేన్, మార్లిస్, కోరిన్ ముగ్గురూ ప్రెస్సులో ఉన్నారు. మార్లిస్ స్కూలు బస్సు నడిపినంత నెమ్మదిగా కారు నడిపింది. డ్వేన్ మర్యాద గట్టున పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతని జీవితంలో అంత నిజం ఒక్కసారిగా ఎప్పుడూ చెప్పలేదు.

"ముగ్గురూ మాట్లాడుకోకుండా ఒకే బొమ్మ గీశారంటావు" అన్నాడు నట్సన్. "నా చెవిలో పువ్వేమన్నా కనిపిస్తోందా?"

"బయట ఫిబ్రవరి రా. ముఖం కనిపించకుండా మనిషిని గీయమంటే ఈ ఊళ్లో ఇంకేం గీస్తారు? మమ్మల్ని చూడు."

నట్సన్ చూశాడు. ఎదురుగా మూడు చెవుల టోపీలు, మూడు మఫ్లర్లు నిలబడి ఉన్నాయి. ఒక్క క్షణం మెత్తబడినట్టే కనిపించి మళ్లీ బిగుసుకున్నాడు. "మరి బిళ్ల? నక్షత్రం బిళ్ల ఎవడు పెట్టుకు తిరుగుతున్నాడు ఈ ఊళ్లో? ఆ బ్రెంట్ ఇంట్లో నా క్యాలెండరే ఉంది, నేనే ఇచ్చాను. మీరంతా కలిసి నా మార్షల్‌ని కొట్టేయాలని చూస్తున్నారు. పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. పోయి టైర్లు అమ్ముకో."

డ్వేన్ చర్చివాళ్ల కాగితం కట్టల మీద కూర్చుండిపోయాడు. నిజంగానే ఏడుపొచ్చింది. లేని యజమానికి భయపడి, ఎవరివాడూ కాని కొంగను తీసుకెళ్లి స్వయంగా ఒక యజమాని చేతిలో పెట్టాడు.

"ఏమీ అనుకోకపోతే" అంది కోరిన్, "గోడ మీది ఆ క్యాలెండరు ఒకసారి చూడొచ్చాండీ?"

కళ్లజోడు పెట్టుకుని జనవరి నుంచి జూన్ దాకా తిప్పింది. రేకు పెట్టె అడుగు నుంచి అంచులు పొడిపొడిగా రాలుతున్న పత్రిక ఒకటి జాగ్రత్తగా తీసి నట్సన్ బల్ల మీద పెట్టింది. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది, జనవరి సంచిక. అట్ట మీద తుపాను మంచులో ఒక మనిషి. చెవుల టోపీ, దాని మీద నక్షత్రం బిళ్ల, కళ్లదాకా మఫ్లరు, చేతిలో మంచుపార. కోటు జేబులోంచి ఇత్తడి ముక్కు కొస బయటికి కనిపిస్తోంది. పైన "మారువేషంలో కొంగ" అని ఉంది.

"ఇది మా నాన్న రాసిందేనండీ. ఓడరేవులో దొంగల్ని పట్టడానికి కొంగ మంచు తోసే కూలీలా వస్తాడు."

నట్సన్ ఆ అట్టను చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మా తాత షెడ్డులో గోడకి ఒక బొమ్మ అంటించి ఉండేది" అన్నాడు చివరికి, మెల్లగా. "పైనా కిందా చిరిగిపోయింది. చిన్నప్పుడు దాన్ని చూసే గీయడం నేర్చుకున్నా. మా తాతే వేశాడనుకున్నాను."

"అయితే మార్షల్ నీవాడు కాదన్నమాట" అన్నాడు డ్వేన్ లేచి నిలబడుతూ.

"నీవాడు మాత్రం అయ్యాడా?"

"ఎవరివాడూ కాదండీ" అంది కోరిన్. "పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది."

మార్లిస్ చర్చివాళ్ల కాగితం కట్టలను పక్కకు జరిపింది. నట్సన్ ప్లేట్లు ఎక్కించాడు. డ్వేన్ అట్ట మీద "ఒకానొక మనిషి" కొట్టేసి "మారువేషంలో ఇత్తడి కొంగ" అని పెట్టాడు. ముందుమాటలో కామా అలాగే ఉండిపోయింది.

శనివారం సంతలో మధ్యాహ్నం రెండింటికల్లా బల్ల ఖాళీ అయింది. ముక్కు చూపించకుండా ఇరవై నాలుగు పేజీలు నడపడం కొంగ చరిత్రలోనే కొత్త అని పాత పత్రికలు పోగుచేసే పెద్దమనుషులు మెచ్చుకున్నారు. గస్, టామీ, బ్రెంట్ ఆ పొగడ్తలు వింటూ ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరూ తనను చూసే గీశారని అనుకుంటున్నారు. మార్లిస్ టైర్ల మాట ఎత్తలేదు. డ్వేన్‌కు ఆ ఒక్కటి చాలు, ఆ రోజంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

సాయంత్రం కోరిన్ వచ్చి రేకు పెట్టెను డ్వేన్ చేతిలో పెట్టింది. ముప్పై ఎనిమిది నాటి సంచికను మాత్రం విడిగా నట్సన్‌కు ఇచ్చింది. "నా దగ్గర ఎలుకలు కొట్టేస్తాయి. మీరైతే బాగా చూసుకుంటారు. నాకేం వద్దండీ" అని, మఫ్లరు చుట్టుకుని వెళ్లిపోయింది.

"మంచి మనిషి" అంది మార్లిస్.

"అదే" అన్నాడు డ్వేన్. "ఏమీ వద్దంటోంది. ఎందుకు వద్దంటోంది?"

ఆదివారమంతా ఆలోచించినా తేలలేదు. సోమవారం ఉదయం వకీలు ఆఫీసు తలుపులు తీయకముందే పెట్టె చంకన పెట్టుకుని వెళ్లేసరికి, మెట్ల మీద అతనికన్నా ముందే నట్సన్, ముప్పై ఎనిమిది నాటి సంచిక చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు.