ఆధిపత్యం వర్ధిల్లాలి, ఫ్లడ్‌లైట్లతో సహా!

ఆధిపత్యం చెడ్డదని చెప్పేవాళ్లను ఒక్కసారి మా ఫిజీకి రమ్మనండి. ఆధిపత్యమంటే ఏమిటి? ఒక పెద్ద దేశం మన నెత్తినెక్కి కూర్చోవడం. అదే నెత్తి కోసం రెండు పెద్ద దేశాలు పోటీపడితే? ఆ నెత్తికి రెండు పూటలా తలంటు!

మా ఊరి సంగతే చూడండి. మొదటి దేశం రగ్బీ మైదానానికి సోలార్ ఫ్లడ్‌లైట్లు వేసింది. రెండో దేశం ఊరుకుంటుందా? ఇంకా ఎత్తైన స్తంభాలు నాటింది. మా కోళ్లకు ఇప్పుడు రాత్రంటే ఏమిటో తెలియదు. అర్ధరాత్రి కూతలు! అయినా, నిద్రపోయి బాగుపడిన జాతి ఎక్కడైనా ఉందా?

మహిళా సంఘం పెద్ద మెరెసెయినీకి మాత్రం ఈ అభివృద్ధి కంటికి ఆనలేదు. వాగు నుంచి ఊళ్లోకి పైపు వేయించమని ఆమె ఏళ్లుగా అడుగుతోంది. ఆ ఏటవాలు దారిలో నీళ్లు మోసేది ఆడవాళ్లే. ఆమె కూతురు నిండు చూలాలు, ఆ పిల్ల కూడా మోస్తోంది. మా ఊరి పెద్ద రాతూ ఇలైతియా జవాబు ఎప్పుడూ ఒకటే: పైపు భూమిలో ఉంటుంది, ఫొటోలో పడదు, ఏ దేశం ఇస్తుంది? ఎంత దూరదృష్టి!

ఆ మధ్య ఒక సాయంత్రం రెండు దేశాల దూతలూ ఒకేసారి దిగారు. ఎవరి స్కోరుబోర్డు పెద్దదిగా ఉండాలో తేల్చుకోవాలట. మా ఆచారం ప్రకారం అతిథి వస్తే ముందు కావా పానీయం కలిపి తాగాలి, ఆ తర్వాతే మాట. దంచిన వేరుపొడి సిద్ధం. చెక్క గిన్నె సిద్ధం. దూతలు చాపల మీద బాసింపట్టు వేసుకుని సిద్ధం. గిన్నెలో పోయడానికి నీళ్లే లేవు. ఆ రోజు ఆడవాళ్లెవరూ వాగుకు వెళ్లలేదు.

గుమ్మం దగ్గర కూర్చున్న మెరెసెయినీని రాతూ గొంతు తగ్గించి అడిగాడు.

"నీళ్లేవమ్మా?"

"వాగులో ఉన్నాయి రాతూ."

"పరువు తీయకు. అతిథులు కూర్చున్నారు."

"లేవమనండి మరి. దారంతా మీ లైట్లేగా, కాలు జారదు."

రాతూ బకెట్ అందుకున్నాడు. అది చూసి మొదటి దూత తానూ ఒకటి పట్టుకుని లేచాడు. నీళ్లు తెచ్చిన పేరు అతనికొక్కడికే రానిస్తారా? రెండో దూత రెండు బకెట్లు పట్టుకున్నాడు. ప్రపంచాధిపత్య పోరు మా వాగులో, మోకాలి లోతు బురదలో జరగడం ఊరంతా కళ్లారా చూసింది.

ఫలితం? నెల తిరక్కుండా రెండు దేశాల పైపులూ వచ్చేశాయి! ఒకదానికొకటి అతకవు, అంతే. ఎవరి సైజు మార్చాలో రాజధాని సువాలో చర్చలు సాగుతున్నాయి.

అవి తేలేదాకా నీళ్లు మగవాళ్లే మోయాలని మహిళా సంఘం తేల్చేసింది. బకెట్ ఎవరు మోయాలో ఎవరు చెబుతారో, ఆధిపత్యం వాళ్లదన్నమాట. ఈ వారం రాతూ వంతు. ఇన్నాళ్లూ ఫొటోలో పడని పైపు ఆయన భుజం వాచేసరికి జాతీయ సమస్య అయింది. నిన్న ఆయనే స్వయంగా సువాకు ఫోన్ చేశాడు: లైట్లు పీక్కుపోయినా ఫర్వాలేదు, ముందు ఒక్క జాయింటు పంపండి.