లెక్కల మాస్టారి క్షమాపణలు

శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుంటూ లెక్కల మాస్టారు ఆ రోజు పనిని లెక్క వేసుకున్నారు. ముగ్గురు మనుషులు, మనిషికి ఐదు నిమిషాలు, మొత్తం పదిహేను. బడి మొదటి గంట కొట్టేలోగా మూడు క్షమాపణలూ అయిపోతాయి. రేపు ఆదివారం నిశ్చింతగా చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చు.

కిందటి ఆదివారం ప్రసంగంలో పాస్టరు గారు ఒక మాట అన్నారు. మన మీద ఎవరి మనసులోనైనా నొప్పి ఉంటే ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడాలని, ఆ తర్వాతే బల్ల దగ్గరికి రావాలని. సంఘమంతా గట్టిగా ఆమేన్ అని, ఇళ్లకు వెళ్లి సుబ్బరంగా భోంచేసింది. లెక్కల మాస్టారికి మాత్రం ఆ వారమంతా ముద్ద గొంతు దిగలేదు.

"వాళ్లకి మీ మీద కోపమేమన్నా ఉందా?" చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది భార్య.

"లేదు."

"అసలు మీరు తప్పు చేసినట్టు వాళ్లకి తెలుసా?"

"తెలీదు. అందుకేగా వెళ్లి చెప్పబోతున్నాను!"

"నిద్రపోయేవాణ్ణి లేపి జోలపాడినట్టుంది మీ వరస. దేవుడికి చెప్పుకున్నారుగా, చాలదూ? ఆయనైతే ఎవరికీ చెప్పడు."

బైబిల్ వాక్యాన్ని అంత తేలిగ్గా తీసుకోకూడదని భార్యకు చెప్పి, మాస్టారు ఆ వేడి చొక్కానే తొడుక్కుని బయలుదేరారు.

మొదటి పేరు సైన్స్ మేడమ్‌ది. మూడేళ్ల కిందట, జుట్టు రాలిపోతోందన్న బెంగతో, మాస్టారు ఖాళీ పీరియడ్‌లో ల్యాబులోకి దూరి తన వెంట్రుక ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకున్నారు. కుదురు కనిపిస్తుందేమోనని మరను ఇంకాస్త తిప్పారు. టక్కుమంది. లెన్సు నిలువునా చీలింది. కంగారుగా వెనక్కి జరిగితే మోచెయ్యి తగిలి, అరలో డ్రిల్లు మాస్టారు దాచుకునే వలసంచి కదిలింది. అందులోంచి ఒక వాలీబాల్ జారి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా మైక్రోస్కోపు పక్కన ఆగింది. మాస్టారు చేసిన పాపమల్లా దాన్ని తీసి మళ్లీ సంచిలో వేయకపోవడమే. మిగతాది బంతే చూసుకుంది. ఆ సాయంత్రం నుంచి సైన్స్ మేడమ్‌కూ డ్రిల్లు మాస్టారికీ మాటల్లేవు.

"మేడమ్, అప్పట్లో ఆ లెన్సు పగలగొట్టింది నేనే. నన్ను క్షమించాలి," అన్నారు మాస్టారు ల్యాబు గుమ్మంలో నిలబడి.

గాజు గొట్టాన్ని తుడుస్తున్న సైన్స్ మేడమ్ నవ్వేశారు. "పోనీలెండి మాస్టారూ. ఎప్పటి సంగతో! కొత్తది వచ్చేసిందిగా."

మాస్టారు గడియారం చూసుకున్నారు. రెండు నిమిషాలే అయింది. క్షమాపణ ఇంత సులువని తెలిస్తే ఇంకో నాలుగు పేర్లు చేర్చుకునేవాణ్ణే అనుకుంటూ మలుపు తిరిగారో లేదో, వెనక గాజు గొట్టం కిందపడి భళ్లుమంది.

"ఆగండి మాస్టారూ! మరి ఆ బంతి?"

"అది దానంతటదే వచ్చింది మేడమ్."

"అంటే ఆయన తప్పేం లేదా? పిల్లలందరి ముందూ ఆయన్ని నానా మాటలూ అన్నానే! ఆయన ఎదురుపడకూడదని మూడేళ్లుగా వెనక మెట్లెక్కుతున్నాను. రోజుకి నాలుగు సార్లు! మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందంటున్నాడు డాక్టరు. ఇప్పుడొచ్చి అది దానంతటదే వచ్చిందంటారా?"

ఆవిడ చేతులు తుడుచుకోకుండానే మైదానం వైపు నడిచారు. మూడేళ్ల తర్వాత మొదటిసారి ముందు మెట్ల మీదుగా.

డ్రిల్లు మాస్టారు అప్పుడు ఏడో తరగతి పిల్లల చేత పొద్దుటి వ్యాయామం చేయిస్తున్నారు. అంత దూరాన సైన్స్ మేడమ్ తన వైపే రావడం చూసి, మళ్లీ ఏం పగిలిందోనని ఆయన గుండె జారింది. భయానికి విజిల్ ఊదేశారు. పిల్లలు అది పరుగు ఆజ్ఞ అనుకుని మైదానం చుట్టూ పరుగు లంకించుకున్నారు. వాళ్లను ఆపడం ఎవరికీ గుర్తురాలేదు.

"మాస్టారూ, నన్ను క్షమించండి. మీ బంతి కాదట. లెక్కలాయనట!"

డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లోంచి తీశారు. "సంచి మూతి నేనే సరిగ్గా కట్టలేదనుకున్నానండీ. అందుకే మీరెన్నన్నా పడ్డాను. ఆనాటి నుంచి పదకొండు బంతుల్నీ రోజూ స్కూటర్ మీద ఇంటికి మోసుకుపోతున్నాను. మా వీధి పిల్లలకి నా పేరు బెలూన్ల తాత." మరుక్షణం ఆయన గొంతు పెద్దదైంది. "ఏడీ ఆయన?"

ఆయన ఆ సమయానికి హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఉన్నారు. డ్రిల్లు మాస్టారి వంతు తన ప్రమేయం లేకుండానే అయిపోతోందని తెలియక, మూడో పేరు ముందు ముగించేద్దామని వచ్చారు. ఆవిడ ఏ సభలో లేచినా ఉపోద్ఘాతం దగ్గరే గంట గడిచిపోతుంది. విషయానికి వచ్చేసరికి చివరి గంట కొడతారు. ఆరేళ్ల కిందట మాస్టారు సరదాగా ఆవిడకు ఉపోద్ఘాతం అని పేరు పెట్టారు. అది బడంతా పాకింది.

"మేడమ్, మీకు ఆ పేరు పెట్టింది నేనే. పెద్ద మనసుతో క్షమించాలి."

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు సర్దుకున్నారు. "ఏ పేరు?"

మాస్టారికి ఒళ్లంతా చెమట పట్టింది. ఈ ఒక్క మనిషికి ఆ పేరు తెలియదన్న సంగతి ఆయన లెక్కలో లేదు.

"ఏం లేదు మేడమ్... మంచి పేరే."

"మంచి పేరైతే క్షమించడమెందుకు?"

మాస్టారు సమాధానం వెతుక్కుంటుండగా తలుపు బయట అటెండర్ మీద డ్రిల్లు మాస్టారు అరిచిన అరుపు లోపలికి స్పష్టంగా వినిపించింది.

"లోపల ఉపోద్ఘాతం ఉందా? లెక్కలాయన కూడా అక్కడే ఉన్నాడా?"

హెడ్‌మిస్ట్రెస్ తలుపు వైపు చూశారు, మాస్టారి వైపు చూశారు, గోడ మీది తన నియామకం నాటి ఫోటో వైపు చూశారు. "అదేనా?" అన్నారు మెల్లగా.

"అదే మేడమ్."

"ఎంతమందికి తెలుసు?"

ఇక దాచి లాభం లేదని మాస్టారు నిజాయితీగా లెక్కపెట్టి చెప్పారు. "టీచర్లు పదహారు మందికీ. వాచ్‌మన్‌కి. పిల్లల లెక్క తీయలేదు."

చివరి పీరియడ్‌కు అత్యవసర సమావేశమని నోటీసు వచ్చింది. లెక్కల మాస్టారు అందరి గుట్టూ విప్పేస్తున్నారని అప్పటికే స్టాఫ్‌రూమ్‌లో పుకారు. సభలో హెడ్‌మిస్ట్రెస్ లేచారు. అలవాటుగా అందరూ వెనక్కి వాలి కూర్చున్నారు.

"నాకు ఒక పేరుందని ఇవాళే తెలిసింది. పెట్టినవారు వచ్చి చెప్పారు. పిలిచినవారు ఒక్కరూ చెప్పలేదు. ఇళ్లకు వెళ్లండి."

ఆవిడ జీవితంలో అంతకన్నా చిన్న ప్రసంగం లేదు. ఎవరికీ తల ఎత్తబుద్ధి కాలేదు. ఎత్తాక మాత్రం అందరూ లెక్కల మాస్టారి వైపే ఎత్తారు. ఆయన స్టాఫ్‌రూమ్ బల్ల దగ్గరికి వెళ్లేసరికి అక్కడ కూర్చున్నవాళ్లంతా లేచిపోయారు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా సలాం కొట్టకుండా తాళాల గుత్తి వెతుక్కున్నాడు.

"ఎంతమంది క్షమించారు?" ఇంట్లో అడుగు పెట్టగానే అడిగింది భార్య.

"నిన్నటిదాకా నా మీద కోపం ఉన్నవాళ్లు సున్నా. ఇవాళ్టికి పదిహేడు."

"లెక్క సరిగ్గా చూసుకున్నారా?"

"వాచ్‌మన్‌తో కలిపే చెబుతున్నాను."

"వద్దన్నా విన్నారు కాదు కదా, నన్నూ కలపండి. పద్దెనిమిది."

మర్నాడు ఆరాధన తొమ్మిదింటికి. పద్దెనిమిది మంది నొప్పి నెత్తిన పెట్టుకుని బల్ల దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలో తోచక, మాస్టారు ఎనిమిదింటికే హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి నడిచారు. తెరిచి ఉన్న తలుపు తట్టబోతే లోపల సోఫాలో డ్రిల్లు మాస్టారూ సైన్స్ మేడమూ పక్కపక్కన కూర్చుని కనిపించారు. వాళ్లదీ అదే పని. పిలిచిన పాపానికి క్షమాపణ.

"మీరూ వచ్చారా? కూర్చోండి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్. కళ్లు కాస్త ఉబ్బి ఉన్నాయి. "నిజం చెప్పండి. నేను అంతసేపు మాట్లాడతానా?"

ఇద్దరూ మాస్టారి వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకున్నారు. "మాట్లాడతారు మేడమ్."

ఆవిడ తల ఊపారు. "మావారు పోయి ఏడేళ్లు. ఇంట్లో నా మాట వినేది గోడ గడియారమొక్కటే. శనివారం బడి వదిలాక సోమవారం దాకా ఈ నోరు తెరిచే పని ఉండదు. అందుకని దొరికినచోట కాస్త..." ఆవిడ ఆగిపోయారు.

మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లు ఆ పేరు మీద నవ్వుకున్న నవ్వులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"మేడమ్, ఇవాళ మాకేం పని లేదు. చెప్పండి," అన్నారు సైన్స్ మేడమ్.

హెడ్‌మిస్ట్రెస్ చెప్పారు. పెళ్లి సంగతి చెప్పారు, మొదటి ఉద్యోగం సంగతి చెప్పారు, రెండు సార్లు టీ పెట్టారు. డ్రిల్లు మాస్టారు ఆవులింతను కప్పు చాటున దాచుకున్నారు గానీ కదల్లేదు. వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, "ఆ పేరు అంత చెడ్డదేం కాదులెండి. కానీ నా ముందు పిలవండి," అన్నారావిడ.

మాస్టారు పరుగులాంటి నడకతో ప్రార్థన మందిరం చేరేసరికి పదకొండున్నర. లోపల బెంచీలన్నీ ఖాళీ. పాస్టరు గారు ఒక్కరే బల్ల మీది తెల్లగుడ్డను అంచులు కలిపి మడత పెడుతున్నారు.

"ఏం బ్రదర్, ఇవాళ ఆరాధనకి రాలేదే? ఒంట్లో బాలేదా?"

మాస్టారు రొప్పుతూనే జరిగినదంతా చెప్పారు. మైక్రోస్కోపు, బంతి, పేరు, పదిహేడు మంది, పద్దెనిమిదో మనిషి, రెండు టీలు. పాస్టరు గారు గుడ్డ మడత పెట్టడం ఆపి, ఆయన్ని ఎగాదిగా చూశారు.

"ఇరవై రెండేళ్లుగా ఏటా ఆ ప్రసంగం చేస్తున్నాను బ్రదర్. ఇంతవరకూ దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదే!"